పైసల కన్నా ముందు జాగ కాగితం చూడు, బిడ్డా

బిడ్డా,

కాలనీ సంఘానికి కార్యదర్శివయ్యావని, పార్కు జాగలో కమ్యూనిటీ హాలు కోసం ఎమ్మెల్యే నిధులు అడగబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల నలుగురి పని నెత్తికెత్తుకుందంటే చాలా గర్వంగా ఉంది. కానీ ‘పార్కు జాగలో’ అనేసరికి మనసు కీడు శంకించింది. అందుకే ఈ ఉత్తరం.

చిన్నవి ముందు చెప్పేస్తా. సంఘం రిజిస్ట్రేషన్, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా చూసుకో. కార్యవర్గం జాబితా ఏటా సొసైటీల రిజిస్ట్రార్‌కు పంపాలి, పాతవాళ్లు ఎన్నేళ్లు ఎగ్గొట్టారో కనుక్కో. తాగునీరు, డ్రైనేజీ జలమండలి పని. రోడ్డు, పార్కు, వీధి దీపాలు మున్సిపల్ సర్కిల్ ఆఫీసు పని. అర్జీ రెండు కాపీలు పట్టుకెళ్లి, నీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు), తేదీ, ముద్ర వేయించుకో. రేపు కదలిక లేకపోతే ఆ నంబరుతోనే పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇప్పుడు జాగ సంగతి. హైదరాబాద్ కాలనీలు తరతరాలుగా చేస్తున్న తప్పు ఇదే. జాగ ఎవరిదో, దేనికోసం వదిలిందో చూడకుండా హాలు ప్లాన్ గీయిస్తారు, శంకుస్థాపన ముహూర్తం పెడతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పునాది లేచాక ఎవరో ఒకరు హైకోర్టుకు పోతారు, స్టే వస్తుంది, పిల్లర్ల ఊచలు తుప్పుపడుతుంటాయి. ఆటస్థలమూ పోతుంది, హాలూ రాదు. లేఔట్‌లో పార్కుగా చూపిన జాగను ఇంకో పనికి మళ్లిస్తే కోర్టులు ఊరుకోవు. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో పార్కు జాగను ఆసుపత్రికి ఇస్తేనే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మీది పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలు!

అందుకని మంజూరైన లేఔట్ కాపీ సంపాదించు. సంఘం బీరువాలోని జిరాక్సు కాదు, మంజూరు చేసిన ఆఫీసులోని సర్టిఫైడ్ కాపీ. నగరంలో లేఔట్లు మంజూరు చేసే అభివృద్ధి సంస్థ హుడా 1975లో వచ్చింది, 2008లో అదే హెచ్‌ఎండీఏ అయింది. శివార్లలో చాలా వెంచర్లు పంచాయతీ ముద్రతోనే నడిచాయి. ఆ రోజుల్లో బ్లూప్రింట్‌లో పార్కు చూపించి ప్లాట్లు అమ్ముకుని, తర్వాత ఆ పార్కుకే నంబర్లు వేసి అమ్మినవాళ్లున్నారు. సంఘం జిరాక్సు, సర్టిఫైడ్ కాపీ పక్కపక్కన పెట్టి చూడు. ఒకదాంట్లో ఖాళీగా ఉన్న చోట రెండో దాంట్లో 41/ఏ, 41/బి లాంటి నంబర్లు కనిపిస్తే అక్కడే ఆగు. రోడ్లు, పార్కు మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ అయ్యాయా అన్నది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ జాగ మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీస్తే తెలుస్తుంది. రిజిస్టర్ కాకుంటే ముందు ఆ పని చూడండి.

మీ కాలనీ వెనక చెరువుంది కదా, ఎఫ్‌టీఎల్ మ్యాపు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే మ్యాపు, కూడా చూడాలి. పది హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్. అందులో హాలు కట్టే మాటే వద్దు. 2024లో చెరువులు, ప్రభుత్వ జాగల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల దగ్గర కట్టినవి కూల్చడం నువ్వూ చూశావు.

పార్కు పార్కుగానే ఉంటే ప్రహరీ, నడక దారి, బెంచీలు, పిల్లల ఉయ్యాలలు, ఇంకుడు గుంత అడుగు. హాలే కావాలంటే లేఔట్‌లో సామాజిక వసతుల కోసం విడిగా చూపిన జాగ ఉందేమో వెతుకు.

నిధులు సంఘం ఖాతాలో పడతాయని అనుకున్నావట. ఎవరు చెప్పారమ్మా నీకు? ఎమ్మెల్యే నిధులైనా కార్పొరేషన్ నిధులైనా ఇలాంటి పనికి ఇంజినీరింగ్ విభాగమే అంచనా వేసి, మంజూరు తీసుకుని, కాంట్రాక్టరుకు అప్పజెప్పి, ఎం-బుక్‌ (కొలతల పుస్తకం)లో కొలతలు రాసి బిల్లు చెల్లిస్తుంది. "ఇంత శాతం ఇస్తే మంజూరు చేయిస్తా" అని వచ్చేవాణ్ని గడప తొక్కనీయకు. పది లక్షలిస్తామన్నారంటే పది లక్షల పని కాదు. అసలు పని విలువ మీద లెక్కకట్టే 18 శాతం జీఎస్టీ, 1 శాతం కార్మిక సెస్సు అందులోంచే పోతే పనికి మిగిలేది సుమారు 8 లక్షల 40 వేలు. అందుకే పనిని ముక్కలు చేసి అడుగు, ఏ ముక్కకు ఆ ముక్క వాడుకునేలా. ప్రహరీ, గేటు ఒకటి. నడక దారి, దీపాలు ఇంకొకటి.

ఎంపీ నిధులూ మరిచిపోకు. ఏడాదికి 5 కోట్లు, ఎంపీ సిఫార్సు చేస్తే జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. లోక్‌సభ సభ్యుడు ప్రధానంగా తన నియోజకవర్గంలో, రాష్ట్రం నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఎక్కడైనా సిఫార్సు చేయొచ్చు. కాలనీలకు ఇది తట్టదు. గుడి ఆవరణలో పనికి మాత్రం ఆ నిధులు రావు.

నాకు అన్నిటికన్నా భయం నీ మంచితనమే. నాయకుడు సభలో మాటిస్తాడు, కాంట్రాక్టరు "మేడమ్, మొదలుపెడదాం, కాగితం వెనక వస్తుంది" అంటాడు. వర్క్ ఆర్డర్ లేకుండా గడ్డపార దించనీయకు. మంజూరుకు ముందు చేసిన పనికి బిల్లు కాదు, ఎన్నికల కోడ్ వస్తే అంతా ఆగుతుంది, సిమెంటు దుకాణం వాడు మీ ఇంటి ముందు కూర్చుంటాడు. నీ గాజులు కుదువ పెట్టే పరిస్థితి తెచ్చుకోకు తల్లీ. నువ్వు అలా చేసే మనిషివే, నాకు తెలుసు.

సర్వసభ్య సమావేశం తీర్మానంలో పని, సర్వే నంబరు, పొడవు వెడల్పు, ఎవరికి అర్జీ ఇస్తున్నారు, సంతకం చేసే అధికారం ఎవరికి అన్నీ రాయించు. చివరి వాక్యానికీ సంతకాలకూ మధ్య ఖాళీ గీతలు వదలకు, తర్వాత ఎవరైనా అక్కడ ఇంకో మాట ఇరికించగలరు. అర్జీలో మొత్తం నువ్వు ఊహించి రాయకు, ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) పిలిచి కొలిపించాకే రాయి.

సర్టిఫైడ్ లేఔట్ చేతికి రాగానే ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. అర్జీ ముసాయిదా కూడా పంపు, సంతకం మాత్రం అప్పుడే పెట్టకు. ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు వేళకు తిను.

మీ పెద్దబాపు