చిన్న గదిలో లేత్: ముందు మెషిన్‌ను తిప్పి పెట్టు

తమ్ముడూ, బరంపురంలో నీ 10 బై 12 అడుగుల గదిలో లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే మెషిన్), డ్రిల్ మెషిన్, గ్రైండర్, వెల్డింగ్ సెట్ పెట్టాక మనిషి తిరిగే చోటే లేదన్నావు. పొడుగు రాడ్ ఎక్కిస్తే గోడ అడ్డం వస్తోందన్నావు. పర్లాకిమిడిలో నా గది ఇంకా చిన్నది, నీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

ముందు లేత్‌ను తిప్పు. హెడ్‌స్టాక్, అంటే రాడ్‌ను పట్టి తిప్పే తల భాగం, గుమ్మం వైపు రావాలి. అప్పుడు స్పిండిల్ (అందులో తిరిగే ఇరుసు) రంధ్రంలోంచి వచ్చే రాడ్ తలుపు తీస్తే బయటికి పోతుంది. వెనక గోడకు మరీ ఆనించకు. బెల్టు మార్చాలన్నా, రజను ఊడ్చాలన్నా చెయ్యి దూరాలి. ఒక్కటి మాత్రం మరవకు: బయటికి పొడుచుకొచ్చిన రాడ్‌కు అటు చివర ఆసరా లేకుండా స్పీడుగా తిప్పితే అది వంగిపోయి కొరడాలా కొడుతుంది. ఇంట్లో పిల్లలుంటే గుమ్మానికి అడ్డు పెట్టాకే స్విచ్ వెయ్యి.

గ్రైండర్‌ను ఆ గదిలోంచి తీసెయ్. దాని రాయి పొడి లేత్ బెడ్ మీద, అంటే కింద పొడుగ్గా ఉండే నున్నటి దిమ్మ మీద, పడితే బెడ్ అరిగిపోతుంది. నాది వరండాలోకి మార్చాక, బెడ్ తుడిచే గుడ్డకు గరుకు తగలడం ఆగింది. నువ్వు వెల్డింగ్ కూడా వరండాలోనే చేసుకో.

రాడ్‌ను బిగించి పట్టే బరువైన చక్‌లు లేత్ స్టాండు కింది అరలో పెట్టు. రాడ్లు మూలన నిలువుగా నిలబెట్టి గొలుసు కట్టు. గోపాల్‌పూర్ సముద్రం మీకు దగ్గర, తుప్పు తొందరగా పడుతుంది. పని అయిన ప్రతిసారీ బెడ్‌కు నూనె రాయి.