18 పాయింట్ల ఆధిక్యం చేతిలో ఉంచుకుని ఓడిపోతే ఎలా?

(గోల్డెన్ స్టేట్ వారియర్స్ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు. దాని 2023–24 సీజన్ మధ్యలో, 2024 జనవరి ఆఖర్లో వచ్చిన ఉత్తరాలకి నా జవాబులివి.)

ప్రశ్న: మా అబ్బాయి శాన్‌హోసేలో ఉద్యోగం చేస్తాడు. వారియర్స్ ఓడిన రోజు ఫోన్ చేస్తే పొడి పొడిగా మాట్లాడి పెట్టేస్తాడు. స్టార్ ఆటగాడు కర్రీ ఉన్నన్నాళ్లూ మనకి ఢోకా లేదమ్మా అనేవాడు, ఇప్పుడు ఈ సీజన్ పోయినట్టే అంటున్నాడు. అంత గొప్ప జట్టుకి ఏమొచ్చింది సార్? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి బాధ నాకు బాగా తెలుసమ్మా, ఈ జట్టు ఓక్లాండ్‌లో ఆడే రోజుల నుంచీ నాదీ అదే పిచ్చి. ముందు లెక్క చెప్తాను. ఎన్‌బీఏలో ఒక్కో జట్టు సీజన్‌కి 82 మ్యాచ్‌లు ఆడుతుంది. 2024 జనవరి 24న అట్లాంటాని ఓడించాక మనకి సరిగ్గా సగం సీజన్ అయింది, అప్పటికి 19 గెలుపులు, 22 ఓటములు. తర్వాత వరసగా రెండు మ్యాచ్‌లు ఒక్కో పాయింటు తేడాతో ఓడి 19–24కి దిగాం. పశ్చిమ విభాగంలో 15 జట్లుంటే మనది 12వ స్థానం. మొదటి ఆరు జట్లు నేరుగా టైటిల్ తేల్చే ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, ఏడు నుంచి పది దాకా ఉన్నవాళ్లు ప్లేఇన్ అనే చిన్న పరీక్ష రాయాలి, మనం ప్రస్తుతానికి ఆ పరీక్ష హాలు బయట ఉన్నాం. 2022లో టైటిల్ గెలిచిన జట్టు ఇది. జీతాలు, అవి హద్దు దాటినందుకు లీగ్‌కి కట్టే లగ్జరీ ట్యాక్స్ కలిపితే యజమానులకి ఈ ఏడు దాదాపు 40 కోట్ల డాలర్లు అవుతోంది, లీగ్‌లో ఇంత ఖర్చు పెట్టే జట్టు ఇంకోటి లేదు.

అయితే చెత్తగా ఆడి ఓడిపోతున్నారా అంటే అదీ కాదు, అసలు కడుపుమంట అక్కడే. నవంబర్ 28న శాక్రమెంటో మీద 24 పాయింట్లు ముందుండి 124–123తో ఓడారు. నాలుగు రోజులు తిరక్కుండానే క్లిప్పర్స్ మీద 22 పాయింట్లు ముందుండి 113–112తో ఓడారు. ఇక జనవరి 4న డెన్వర్ మ్యాచ్ అయితే చెప్పుకోవాలంటేనే కష్టంగా ఉంటుంది. ఇంకో ఏడు నిమిషాలు ఆడితే చాలు, 18 పాయింట్ల ఆధిక్యం ఉంది. అక్కడి నుంచి ఒకరు షాట్ తొందరపడి కొట్టడం, ఇంకొకరు పాస్ అవతలి వాళ్ల చేతిలో పెట్టడం, ఒక్కసారి కూడా గట్టిగా అడ్డు నిలబడలేకపోవడం, చూస్తూ చూస్తూ ఉండగానే స్కోరు 127–127 అయిపోయింది. బంతి కర్రీ చేతిలోనే ఉంది, కనీసం ఓవర్‌టైమ్ అయినా దక్కుతుందనుకున్నాం. ఆ బంతీ పోయింది. డెన్వర్ స్టార్ యోకిచ్ అందుకుని నాలుగు అడుగులు పరిగెత్తి మధ్య గీత దాటీ దాటగానే దాదాపు 39 అడుగుల దూరం నుంచి విసిరాడు, అది బోర్డుకి తగిలి లోపల పడింది, బజర్ మోగింది. మన సొంత హాలు చేజ్ సెంటర్‌లో ఎవరికీ నోట మాట లేదు.

ఈ మూడూ గెలిచి ఉంటే ఇవాళ మన లెక్క 22–21 అయ్యేది, ఈ ఉత్తరమే మీరు రాసి ఉండేవారు కాదు. అందుకే వయసైపోయింది, పనైపోయింది అనే మాట నేను ఒప్పుకోను. 35 ఏళ్ల కర్రీ మొన్న లేకర్స్ మీద 46 పాయింట్లు కొట్టాడు. మూడు క్వార్టర్లు ఆడగలిగిన జట్టు నాలుగోది ఎందుకు ఆడలేకపోతోంది అన్నదే అసలు ప్రశ్న. నా జవాబు ఒక్కటే. టెన్షన్ వచ్చేసరికి కోచ్ స్టీవ్ కెర్ చెయ్యి అలవాటు కొద్దీ పాత వాళ్ల మీదికే వెళ్తోంది, 2022లో గెలిపించిన ఐదుగురు ఇప్పటికీ అదే ఐదుగురు అన్నట్టు. ఆ డెన్వర్ మ్యాచ్‌లోనే మన కుర్రాడు కుమింగా 19 నిమిషాల్లో 16 పాయింట్లు చేసి, చివరి 18 నిమిషాలు బెంచ్ మీదే కూర్చున్నాడు. జట్టులో అందరికంటే ఎత్తు ఎగరగలిగిన 21 ఏళ్ల కుర్రాడు కూర్చుని చూస్తుండగా ఆధిక్యం కరిగిపోయింది. మర్నాడే ఆ అబ్బాయికి కోచ్ మీద నమ్మకం పోయిందని వార్తలొచ్చాయి, రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ప్రశ్న: అన్నా, ఈ దరిద్రం అంతటికీ కారణం డ్రేమండ్ గ్రీన్ కాదా? వీలైతే ఇవాళే అమ్మేయాలి. మీరేమంటారు? – ఇంజినీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కోపం అర్థమైంది తమ్ముడూ. నవంబర్ 14న మిన్నెసోటా మ్యాచ్‌లో అవతలి జట్టు గోబేర్ మెడ చుట్టూ చెయ్యి వేసి లాక్కుపోయినందుకు 5 మ్యాచ్‌ల నిషేధం. అది అయిపోయి నెల తిరక్కుండా డిసెంబర్ 12న ఫీనిక్స్‌లో ఆ జట్టు నుర్కిచ్ ముఖం మీద కొట్టినందుకు నిరవధిక నిషేధం, చివరికి అది 12 మ్యాచ్‌లకి తేలింది. అంతకుముందు 2022 అక్టోబర్‌లో ప్రాక్టీస్‌లో సొంత జట్టు కుర్రాడు జోర్డాన్ పూల్‌ని గుద్దిన సంగతి తెలిసిందే, ఆ పూల్‌ని 2023 వేసవిలో వాషింగ్టన్‌కి పంపి క్రిస్ పాల్‌ని తెచ్చుకున్నారు. వీటిలో ఒక్కదాన్ని కూడా సమర్థించను. నాయకుడు అనిపించుకున్నవాడు సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లకి జట్టుని వదిలేసి పోవడం తప్పే.

కానీ అమ్మేస్తే బాగుపడతామా? అతను లేని ఆ 12 మ్యాచ్‌లలో మనం 7 గెలిచి 5 ఓడాం, మధ్యలో వరసగా ఐదు గెలిచాం, బోస్టన్‌ని కూడా ఓడించాం. ఇది చూసి చాలామంది అతను లేకపోయినా నడుస్తుందన్నారు. ఆ గెలుపుల్లో పోర్ట్‌లాండ్, వాషింగ్టన్, డెట్రాయిట్ లాంటి బలహీన జట్ల మీదివి ఎన్ని ఉన్నాయో కూడా చూడాలి కదా. ఆ తర్వాత అతనింకా కోర్టులోకి దిగకముందే టొరంటో వచ్చి 133 కొట్టిపోయింది, న్యూ ఓర్లీన్స్ వచ్చి 141–105తో ఉతికేసింది, సొంత హాల్లోనే జనం గోల చేశారు. అవతలివాడు ఏం చేయబోతున్నాడో ముందే పసిగట్టి మిగతా నలుగురినీ అరిచి సరైన చోట నిలబెట్టేవాడు మన దగ్గర అతనొక్కడే. ఉంచుకోవాలి. ఇంకోసారి చెయ్యి లేస్తే మాత్రం ఈ మాట నా నోటి నుంచి రాదు.

ప్రశ్న: క్లే థాంప్సన్‌ని బెంచ్ మీద నుంచి ఆడించాలని మా ఫ్రెండ్స్ అంతా అంటున్నారు. వింటుంటేనే మనసు చివుక్కుమంటోంది. ఆయన చేసిన సేవకి ఇదా మర్యాద? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఫ్రీమాంట్

జవాబు: క్లే మాటెత్తితే నాకూ గొంతు పట్టేస్తుందమ్మా. 2019 ఫైనల్స్‌లో మోకాలి లిగమెంట్ తెగింది, అయినా నడుచుకుంటూ తిరిగొచ్చి రెండు ఫ్రీ త్రోలు వేసి మరీ వెళ్లాడు. అది మానేలోపు 2020లో మడమ దగ్గర అకిలీస్ తెగింది. రెండున్నరేళ్లు ఆటకి దూరమై 2022 జనవరిలో తిరిగొచ్చి అదే ఏడు టైటిల్ అందుకున్నాడు. నిరుటి సీజన్‌లో 301 త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేశాడు, లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ. కాలు మునుపటిలా కదలదు, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు పక్కనుంచి దూసుకుపోతున్నారు, నిరుడు 22 దగ్గర ఉన్న సగటు ఇప్పుడు 17 దగ్గరికి దిగింది. కాంట్రాక్టుకి ఇదే ఆఖరి ఏడాది కావడంతో ఆ ఒత్తిడి కూడా ముఖంలో కనిపిస్తోంది, ఒక షాట్ పోతే దాని కోపంతో వెంటనే ఇంకోటి కొడుతున్నాడు.

మర్యాద అంటే మొదటి ఐదుగురిలో పేరు పిలవడం మాత్రమే అని నేననుకోను. బెంచ్ నుంచి వచ్చి అవతలి జట్టు రెండో వరస ఆటగాళ్ల మీద 25 నిమిషాలు ఆడితే, ఇప్పటికీ ఒక క్వార్టర్‌ని ఒంటిచేత్తో తిప్పేయగలడు. ఆ మాట అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి, గౌరవంగా, కోచే చెప్పాలి.

మన ఇంకో ఆటగాడు ఆండ్రూ విగ్గిన్స్ సంగతీ మీ ఉత్తరం రెండో పేజీలో అడిగారు. 2022 ఫైనల్స్‌లో బోస్టన్ స్టార్ టేటమ్‌ని కట్టడి చేసినవాడు ఇతనేనా అనిపిస్తోంది, సగటు 17 నుంచి 12 దగ్గరికి పడిపోయింది. మొన్నటి మూడు మ్యాచ్‌లలో కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు, చూద్దాం.

ప్రశ్న: జట్లు ఆటగాళ్లని మార్చుకునే ఫిబ్రవరి 8 ట్రేడ్ గడువు దగ్గర పడింది. కుమింగాని, మూడీని ఇచ్చేసి కర్రీ పక్కన ఒక పెద్ద స్టార్‌ని తేవాలి. కర్రీకి ఇంకెన్నేళ్లు మిగిలున్నాయని? – డాలస్ నుంచి ఒక అభిమాని

జవాబు: ఈ నెలలో నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే మాట. నేను గట్టిగా కాదంటాను.

2020లో డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) రెండో నంబరు పిక్‌తో వైజ్‌మన్‌ని తీసుకున్నారు, వెంటనే మూడో నంబరులో లామెలో బాల్ వెళ్లాడు, 12వ నంబరు దాకా హాలిబర్టన్ దొరికేవాడు. మరుసటి ఏడు ఏడో నంబరులో కుమింగా, 14లో మూడీ. ఒకవైపు పాతవాళ్లతో టైటిళ్లు, ఇంకోవైపు కుర్రాళ్లని పెంచడం, రెండూ ఒకేసారి చేస్తామన్నారు. వైజ్‌మన్ ఎలాగూ వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లకి నిలకడగా నిమిషాలు ఇవ్వలేదు. ఇప్పుడు మూడో ఏట కుమింగా చేతికొస్తున్న సమయంలో, చేతికొచ్చిన పంటని పొలంలోనే అమ్ముకున్నట్టు ఇంకొకరికి ఇచ్చేస్తామా? అట్లాంటా మీద 11 షాట్లు కొట్టి 11 వేశాడు, ఒక్కటి కూడా పోలేదు, 25 పాయింట్లు. మర్నాడు శాక్రమెంటో మీద 31. పొట్టివాళ్లు ఎక్కువున్న జట్టులో రింగు దాకా బలంగా వెళ్లి రాగలిగినవాడు అతనొక్కడే. కర్రీ మీదికి ఇద్దరు ఎగబడినప్పుడు ఖాళీగా దొరికేది ఆ దారే.

పైగా జీతాల మీద లీగ్ గీసిన రెండో గీత కూడా దాటేసిన జట్టు మనది, పంపిన జీతం కంటే పెద్దగా ఎక్కువ జీతం ఉన్నవాడిని తెచ్చుకోవడానికి కొత్త నిబంధనలు ఒప్పుకోవు. క్రిస్ పాల్ ఈ నెల 5న ఎడమ చెయ్యి విరిగి ఆపరేషన్ చేయించుకున్నాడు, 38 ఏళ్ల వయసు, 3 కోట్ల డాలర్లు దాటిన జీతం. ఆ జీతానికి బదులుగా తిరగేసి మరగేసి వెతికి, రింగు దగ్గర ఆడే ఎత్తయిన ఆటగాడు (సెంటర్) ఒకడు దొరికితే తీసుకోవాలి, దొరక్కపోతే ఊరుకోవాలి.

ఇల్లు వెతుక్కోకుండా ఊరు తిరగడం నాకు నచ్చదు. ఈ ఏడు 19వ పిక్‌తో వచ్చిన పోజెమ్‌స్కీని చూడండి, ఎత్తు లేకపోయినా పొడవాటివాళ్ల మధ్య దూరి రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) తెస్తాడు, దూసుకొచ్చేవాడి దారిలో కదలకుండా నిలబడి ఛార్జ్ ఫౌల్ తెప్పిస్తాడు, కిందపడి నవ్వుతూ లేస్తాడు. 57వ నంబరులో దొరికిన జాక్సన్-డేవిస్ రింగు దగ్గర షాట్లు ఆపుతున్నాడు. కొత్త జనరల్ మేనేజర్ డన్‌లీవీకి ఈ ఇద్దరి విషయంలో చేతులెత్తి నమస్కారం పెట్టాలి.

ప్రశ్న: కెర్‌ని మార్చాలా వద్దా? ఒక్క ముక్కలో చెప్పండి. – గుంటూరు

జవాబు: వద్దు. నాలుగు టైటిళ్లు గెలిపించిన మనిషికి ఈ సగం సీజన్‌తో ఆట మర్చిపోయారని నేననుకోను. మారాల్సింది చివరి ఆరు నిమిషాల్లో ఆయన ఎవరిని లోపల ఉంచుతున్నారన్నది.

ప్రశ్న: ఆదివారం పొద్దున్నే లేచి లేకర్స్ మ్యాచ్ చూసి, రోజంతా ఏ పనీ చేయలేకపోయాను. ఇంకా ఆశ పెట్టుకోవచ్చా? – వైజాగ్

జవాబు: రెండు ఓవర్‌టైమ్‌లు, 144–143 మనది, ఇంకో 1.2 సెకన్లు ఉండగా డ్రేమండ్ ఫౌల్ చేయడం, లేకర్స్ స్టార్ లెబ్రాన్ రెండు ఫ్రీ త్రోలూ వేసి 145–144 చేయడం. 39 ఏళ్ల మనిషి 36 పాయింట్లు, 20 రీబౌండ్లు, 12 అసిస్ట్‌లు (తోటివాళ్లు షాట్ వేసేలా ఇచ్చిన పాస్‌లు). మనం ఓడిపోయినా ఆయన్ని తప్పు పట్టడానికి ఏముంది?

ఈ ఓటములని చూసేటప్పుడు ఇంకో విషయం మనసులో పెట్టుకోవాలి. జనవరి 16 రాత్రి సాల్ట్ లేక్ సిటీలో జట్టంతా భోజనానికి కూర్చున్నప్పుడు అసిస్టెంట్ కోచ్ దెయాన్ మిలోయెవిచ్‌కి గుండెపోటు వచ్చింది, మర్నాడు చనిపోయారు. వయసు 46. సెర్బియాలో యోకిచ్‌ని చిన్న వయసులో తీర్చిదిద్దింది ఈయనే, ఇక్కడ మన ఆటగాడు లూనీకి అన్నలాంటివాడు. రెండు మ్యాచ్‌లు వాయిదా వేశారు. ఆ దుఃఖంలో ఉన్నవాళ్లు వారం తర్వాత కోర్టులోకి దిగి అట్లాంటా మీద 134 కొట్టారు, తర్వాతి రెండూ ఆఖరి క్షణం దాకా వదల్లేదు. జనవరి మొదట్లో టొరంటో మీద ఆడిన జట్టూ ఇదీ ఒకటి కాదు. ఇప్పుడు కుమింగా, విగ్గిన్స్, డ్రేమండ్ ముగ్గురూ కలిసి మొదలుపెడుతున్నారు, పరుగు పెరిగింది, అవతలివాళ్లకి ఊపిరాడటం లేదు.

టైటిల్ ఆశ నాకు లేదు. తొమ్మిదో పదో స్థానంలో ప్లేఇన్ దాకా వెళ్తామని నా నమ్మకం, అక్కడ కర్రీ ఉన్న జట్టుతో ఆడాలని ఎవరూ కోరుకోరు. ఇంకా 39 మ్యాచ్‌లున్నాయి, వాయిదా పడిన రెండూ వీటిలోనే ఇరికించాలి కాబట్టి కాళ్లకి విశ్రాంతి తక్కువ. ఇక నుంచి మీరు చూసే ప్రతి మ్యాచ్‌లోనూ నాలుగో క్వార్టర్ సగంలో కుమింగా లోపల ఉన్నాడా, బయట కూర్చున్నాడా అన్నది గమనించి నాకు రాయండి.