అరవై దాటాక కొత్తవి నేర్చుకోలేరన్నది నిజమేనా?

‘మా నాన్నగారికి 63, ఈ వయసులో ఇంకేం వస్తుందంటారు’ అని అడిగారు కదా. అందులో సగమే నిజం. వయసుతో ముఖ్యంగా తగ్గేది వేగం. పేర్లు గుర్తుకు రావడం, ఒకేసారి రెండు పనులు చూసుకోవడం నెమ్మదిస్తాయి. మాటల సంపద మాత్రం అరవైల్లోనూ పెరుగుతూనే ఉంటుంది.

మా అమ్మకి 67. విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఫోన్‌తో డబ్బు కట్టడం నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు స్కాన్ చేశాక పేరు పైకి చదివి, ‘ఇది నీదేనా బాబూ’ అని అడిగి మరీ నొక్కుతుంది. నేనైతే చూడకుండా నొక్కి ఒకసారి రూ.400 పోగొట్టుకున్నాను లెండి.

అసలు టెన్షన్ చుట్టూ ఉన్నవాళ్లతోనే. ఒక బ్యాంకులో అమ్మ తన ఖాతా గురించి అడిగితే, క్లర్కు నా మొహం చూసి జవాబు చెప్పాడు.

ముసలితనం గీత కూడా స్థిరం కాదు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసు 1983లో 55కి తగ్గింది, 2014లో 60, 2022లో 62 అయింది. జీవో మారితే మోకాళ్లు మారవుగా! ఆంధ్రా యూనివర్సిటీ నుంచి 1989లో రిటైరైన ఫిజిక్స్ ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మ గారు తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి పాఠాలు చెప్పారు.

మీ నాన్నగారికి నేర్పేటప్పుడు ఫోన్ ఆయన చేతిలోనే ఉంచండి. ఆలస్యమవుతోందని లాక్కుని మీరు చేసేయకండి.