అమ్మ ఓటు మీద అభ్యంతరం, పౌరసత్వం ఎలా చూపించాలి?

ప్రశ్న: సార్, మాది బోరబండ. అమ్మ 1963లో నారాయణపేట దగ్గర ఒక పల్లెలో పుట్టింది. బర్త్ సర్టిఫికెట్ లేదు, చదువు ఐదో తరగతి. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఓటేస్తోంది. ఇప్పుడు ఎవరో ఆమె భారత పౌరురాలు కాదని, ఓటరు జాబితాలోంచి పేరు తీసేయమని ఫారం 7 పెట్టారట, విచారణకు రమ్మని నోటీసొచ్చింది. ఆధార్ సరిపోతుందా? 1971కి ముందు కాగితాలు తేవాలా? కొత్త ఓటు కోసం ఫారం 6 పెట్టేయమంటున్నారు, పెట్టమంటారా?

జవాబు: ముందు ఆ ఫారం 6 ఆలోచన మానుకోండి. అమ్మ పేరు జాబితాలో ఇంకా ఉంది, తీసెయ్యాలా వద్దా అన్నదే విచారణ. ఇప్పుడు మళ్లీ దరఖాస్తు పెడితే ఒకే మనిషికి రెండు ఎంట్రీలు అవుతాయి, ఇంకెక్కడా ఓటు లేదని అందులో ఆమె పెట్టిన సంతకమే రేపు ఆమె మెడకు చుట్టుకుంటుంది.

1971కి ముందు కాగితాలు చూపించాలన్న గొడవ అస్సాంది. పౌరసత్వ చట్టం సెక్షన్ 6ఎ ఆ ఒక్క రాష్ట్రానికే, వాట్సాప్ పుణ్యమా అని బోరబండ దాకా వచ్చింది. అమ్మకు వర్తించేది సెక్షన్ 3. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు దాకా ఇక్కడ పుట్టినవాళ్లు మామూలుగా పుట్టుకతోనే పౌరులు, తల్లిదండ్రుల పౌరసత్వంతో పని లేదు. మీరు ఆ తేదీ తర్వాత పుట్టుంటే మీ లెక్క వేరు.

ఆధార్ తీసుకెళ్లండి, కానీ అది మనిషి ఎవరో చెప్పడానికే. పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం సెక్షన్ 9లోనే ఉంది. (2020లో మన హైదరాబాద్‌లోనే ఆధార్ ఆఫీసు 127 మందికి నోటీసులిచ్చి పౌరసత్వం చూపించమంటే పెద్ద రగడైంది, చివరికి రెండింటికీ సంబంధం లేదని వాళ్లే చెప్పుకున్నారు.)

అసలు బలం ఊళ్లో ఉంది. అమ్మ చదివిన బడికెళ్లి హెడ్‌మాస్టర్‌ని పాత అడ్మిషన్ రిజిస్టర్ తీయించమనండి, అంచులు చిరిగిన ఆ పొడుగు పుస్తకంలో ఆమె పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉన్న పేజీకి అటెస్టెడ్ కాపీ తీసుకోండి. తాతగారికి భూమి ఉంటే తహసీల్దార్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకలు అడగండి, దాంతో పుట్టిన తేదీ తేలదు గానీ కుటుంబం ఎప్పటినుంచి ఆ ఊరిదో తెలుస్తుంది. పాత ఓటరు జాబితా, పాత రేషన్ కార్డు కూడా జత చేయండి. పేరు ఒకచోట బీ అని, ఇంకోచోట బేగం అని ఉంటే దిద్దించకండి. ఇప్పుడు దిద్దిన కాగితాన్నే ఎక్కువ అనుమానిస్తారు. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ పెడితే చాలు.

ఇంకో మాట, అభ్యంతరం పెట్టినాయన ఆధారం ఏంటో మీరూ అడగాలి. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే: ఇప్పటికే జాబితాలో ఉన్న పేరు పద్ధతి ప్రకారమే ఎక్కిందని అనుకోవాలి, అనుమానం దేని మీదో ఆ వ్యక్తికి చెప్పాలి. ఫారం 7లో తెలిసీ అబద్ధం రాస్తే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది దాకా జైలు ఉంది, విచారణలో ఆ మాట గుర్తు చేయండి.

ఒకవేళ పేరు తీసేసినా పౌరసత్వం పోయినట్టు కాదు. ఆర్డర్ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, 15 రోజుల్లో జిల్లా మేజిస్ట్రేట్‌కు అప్పీలు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. విచారణ రోజు అమ్మను వెంట తీసుకెళ్లండి, జవాబు రెండు కాపీలు రాసి ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకోకుండా మెట్లు దిగకండి.