ఫోలిక్ యాసిడ్‌ను కనిపెట్టింది లూసీ విల్సా, యల్లాప్రగడ సుబ్బారావా?

ఫోలిక్ యాసిడ్ ఒక బి విటమిన్. అలాంటి పదార్థం ఒకటి ఉందని చూపింది లూసీ విల్స్, దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం.

ఇంగ్లండ్‌కు చెందిన డాక్టర్ విల్స్ 1928లో బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు ఒక రకం రక్తహీనత వచ్చేది. ఎర్ర రక్తకణాలు సంఖ్యలో తగ్గిపోయి, ఉన్నవి మామూలుకన్నా పెద్దగా ఉండేవి. ఆమె సూక్ష్మక్రిములను వెతకడంతో ఆగకుండా, వాళ్లు ఏం తింటున్నారో చూశారు. అలాంటి తిండే కోతులకు పెడితే వాటికీ అదే జబ్బు వచ్చింది. చవకగా దొరికే ఈస్ట్ సారం మార్మైట్ ఇస్తే తగ్గింది, గర్భిణులకూ అంతే. 1931లో ఈ ఫలితాలు ప్రచురించారు. ఈస్ట్‌లో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని 'విల్స్ ఫ్యాక్టర్' అన్నారు.

ఆ ఫ్యాక్టరే ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని వేరుచేశారు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. మాత్రలుగా అందరికీ అందడానికి దారి పడింది అక్కడే, అది చిన్న పనేమీ కాదు.

మనవాళ్లలో చాలామంది సుబ్బారావు ఒక్కరే కనిపెట్టారనుకుంటారు. ఇంకో పొరపాటు, రక్తహీనత అనగానే ఐరన్ లోపమే అనుకోవడం. ఐరన్ తగ్గితే కణాలు చిన్నవవుతాయి, ఫోలిక్ యాసిడ్ తగ్గితే పెద్దవవుతాయి.