గిన్నె చూడగానే ఎగబడే కుక్కకు తిండి దగ్గర ఓపిక నేర్పడం ఎలా?

పది నెలల లాబ్రడార్ గిన్నె కనబడగానే మీదికి ఎగబడి తిండి ఒలకబోస్తోంది, తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరికొస్తే గుర్రుమంటోంది, ఏం చేయాలి అని అడిగారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు. ఎగబడటం అలవాటు, గుర్రుమనడం భయం. అలవాటుకు వాడే పద్ధతి భయానికి వాడితే కుక్క ఇంకా మొండికేస్తుంది. కాబట్టి విడివిడిగా చెబుతాను.

ముందు ఒక మాట. లాబ్రడార్లకు ఆకలి ఎక్కువన్నది ఉత్త నానుడి కాదు. తిండి యావను, బరువును ప్రభావితం చేసే పిఓఎంసి అనే జన్యువులో ఒక లోపాన్ని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో గుర్తించారు. దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌లో అది ఉంటుంది. కాబట్టి మీ కుక్క పొగరుతో ఎగబడటం లేదు, దాన్ని తిట్టి ప్రయోజనం లేదు. తిండి కోసం అంత తపించే కుక్క, ఆ తిండి కోసమే ఓపిక పట్టడం కూడా తొందరగా నేర్చుకుంటుంది.

ఒక పూట తిండి మొత్తం గిన్నెలో పోయకండి. పదిహేను డాగ్ ఫుడ్ గింజలు గిన్నెలో వేసి, మిగతాది కుక్కకు అందని ఎత్తులో పెట్టండి. అప్పుడు ఒకే పూటలో ఎనిమిది, పదిసార్లు సాధన చేయించవచ్చు. గిన్నెను ఛాతీ ఎత్తున పట్టుకుని నిలబడండి. కూర్చోమని ఒక్కసారే చెప్పండి. అది కూర్చోగానే గిన్నెను నెమ్మదిగా, ఒకే వేగంతో కిందికి దించండి. ఈ సమయంలో కుక్క మూతిని కాదు, పిరుదులను చూడండి. లేవబోయే ముందు వెనక కాళ్లు బిగుస్తాయి, పిరుదులు నేల నుంచి కొద్దిగా పైకి లేస్తాయి. అవి లేచిన ఆ క్షణమే గిన్నె తిరిగి ఛాతీ దగ్గరికి వెళ్లిపోవాలి. అరవొద్దు, వద్దు అని కూడా అనొద్దు. గిన్నె పైకి పోవడమే దానికి అర్థమయ్యే జవాబు. మళ్లీ కూర్చోగానే మళ్లీ దించండి.

వరుసగా మూడుసార్లు గిన్నె పైకి వెళ్లిందంటే దాని స్థాయికి మించి అడుగుతున్నారన్నమాట. అప్పుడు జానెడు మాత్రమే దించి, అది కూర్చుని ఉండగానే గిన్నెలోంచి ఒక గింజ తీసి నోటికి అందించండి. తర్వాత రెండు జానలు. గిన్నె నేలను తాకే దాకా వచ్చాక లోపల ఒకటి లెక్కపెట్టి, ‘తిను’ అనండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. మాట అంటూనే చెయ్యి తీసేస్తారు. కుక్క మాటను పట్టించుకోదు, చెయ్యి కదలికనే అనుమతిగా తీసుకుంటుంది. రేపు మీరు గిన్నె సర్దడానికి చెయ్యి జరిపినా దూకుతుంది. ముందు మాట, ఒక సెకను ఆగి చెయ్యి. ఇంట్లో అందరూ ఇదే మాట వాడాలి.

పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా ఆగుతుంటేనే సమయం పెంచండి. ప్రతిసారీ పెంచుకుంటూ పోవద్దు. ఐదు సెకన్ల తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు, ఇలా మార్చి మార్చి ఇవ్వండి. వరుసగా కష్టమవుతూ పోతే కుక్క మధ్యలో వదిలేస్తుంది. పది సెకన్లు ఆగితే చాలు. చొంగ కారుస్తూ నిమిషాల తరబడి కూర్చోబెట్టడం నాకు నచ్చదు. అది మర్యాద నేర్పదు, ఉక్రోషం నేర్పుతుంది.

గిన్నె పైకి లేపేలోపే మీ చేతి మీదికి దూకేంత బలమైన కుక్కయితే, మెడపట్టీకి కాకుండా ఛాతీ పట్టీకి తాడు కట్టి, తాడు రెండో కొసను కదలని కొక్కేనికి తగిలించండి. దాని మూతికి అడుగు దూరంలో గిన్నె దించండి. ఒకవేళ దూకినా తిండి అందదు. ఒక్కసారి దూకి గెలిచిందంటే పదిసార్ల సాధన వృథా. ఆగి కూర్చున్నాక ‘తిను’ అని, గిన్నెను మీరే దాని ముందుకు జరపండి.

డబ్బా మూత చప్పుడుకే గంతులు, మొరుగుడు మొదలైతే పనంతా అక్కడే చెడుతుంది. తిండి వేళ కాని సమయాల్లో రోజులో కొన్నిసార్లు డబ్బా మూత తీసి పెట్టేయండి, ఖాళీ గిన్నె తీసి మళ్లీ అక్కడే పెట్టండి, ఏమీ ఇవ్వకండి. ఆ చప్పుడుకూ తిండికీ ఉన్న ముడి వదులవుతుంది. అసలు పూటలో మొరిగితే చెయ్యి ఆపండి, మానగానే మళ్లీ కదపండి. మొదటి రోజుల్లో మొరుగుడు ముందుకన్నా పెరుగుతుంది. పాత ఉపాయం పని చేయనప్పుడు కుక్క దాన్నే ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. ఆ సమయంలో మీరు లొంగిపోతే గట్టిగా మొరగాలని నేర్పినట్టే.

ఇక గుర్రుమనడం. తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టడం, గిన్నె లాక్కుని తిరిగి ఇవ్వడం, ‘ఎవరు యజమానో తెలియాలి’ అంటూ చేసే ఈ పనులన్నీ వెంటనే ఆపేయండి. మనిషి దగ్గరికొస్తే తిండి పోతుందన్న దాని అనుమానాన్ని మీరే నిజం చేస్తున్నారు. గుర్రుమన్నందుకు కొట్టొద్దు, అది హెచ్చరిక మాత్రమే. కొడితే హెచ్చరిక మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. తర్వాత చెప్పాపెట్టకుండా కరుస్తుంది. ఇంటివాళ్లు ముందు తిన్నాకే కుక్కకు పెట్టాలనే సలహా కూడా వినే ఉంటారు. అది బోనులో కలిపి ఉంచిన తోడేళ్లను చూసి పుట్టిన, ‘గుంపులో నాయకుడే ముందు తింటాడు’ అన్న ఊహ మీద నిలబడింది. అడవిలోని తోడేళ్ల గుంపు తల్లిదండ్రులు, పిల్లలతో కూడిన కుటుంబమని తోడేళ్ల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1999లోనే వివరించారు.

చేయాల్సింది ఇది. కుక్క తింటుంటే రెండు మీటర్ల దూరంలో నడుచుకుంటూ వెళ్లండి. దాని ఒళ్లు వదులుగానే ఉంటే, గిన్నెలో ఉన్నదానికన్నా రుచైన చిన్న ముక్క ఒకటి, ఉడికించిన చికెన్ లాంటిది, గిన్నె వైపు విసిరి ఆగకుండా సాగిపోండి. ఆగి చూడటమే ఒత్తిడి. పూటకు నాలుగైదుసార్లు చాలు. మీరు వస్తుంటే గిన్నెలోంచి తలెత్తి, మెత్తటి కళ్లతో ఎదురుచూడటం మొదలైనప్పుడే అర అడుగు దగ్గరికి జరగండి. తోక ఊపు ఆగడం, గిన్నె మీద తల అడ్డంగా పెట్టడం, ఉన్నట్టుండి వేగంగా మింగడం, కంటి చివర తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, ఇవి గుర్రు కన్నా ముందొచ్చే గుర్తులు. వీటిలో ఒక్కటి కనబడినా మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారు, వెనక్కి వెళ్లండి. ఈ ముక్కల లెక్క రోజువారీ తిండిలోంచి తగ్గించండి. అదనపు ముక్కలన్నీ కలిపినా రోజు కేలరీలలో పది శాతం దాటకూడదు.

గబగబా మింగే కుక్కకు స్లో ఫీడర్ గిన్నె (లోపల గట్లుండి, తినే వేగం తగ్గించేది) వాడండి, లేదా గింజలు వెడల్పాటి ట్రేలో పరచండి. రోజు తిండిని ఒకేసారి పెట్టకుండా పూటకు సగం చొప్పున రెండు పూటలు పెట్టండి. పెద్ద జాతి కుక్కల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. పొట్ట బిగుసుకుని, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో రెండో కుక్క ఉంటే వేర్వేరు గదుల్లో తలుపు వేసి పెట్టి, తిన్నాక గిన్నెలు తీసేయండి.

ఆకలి ఉన్నట్టుండి పెరిగినా, గుర్రుమనడం ఈ మధ్యే మొదలైనా శిక్షణకన్నా ముందు పశువైద్యుడికి చూపించండి. పళ్ల నొప్పి, నులిపురుగులు, మధుమేహం, స్టెరాయిడ్ మందులు, ఏదైనా కారణం కావచ్చు. ఇప్పటికే కరిచి ఉంటే, లేదా ఇంట్లో చిన్నపిల్లలుంటే, పైన చెప్పిన దూరం నుంచి ముక్కలు విసిరే సాధన మీరే సొంతంగా చేయకండి. కుక్కల ప్రవర్తన తెలిసిన పశువైద్యుడి పర్యవేక్షణలో చేయండి. అప్పటిదాకా పిల్లలను తలుపు అవతలే ఉంచి కుక్కకు తిండి పెట్టండి.