మాంద్యం వచ్చినప్పుడు సేవలు ఆపకుండా నగరపాలక సంస్థ ఖర్చు ఎలా తగ్గించుకోగలదు?

ఒక నగరపాలక సంస్థ అకౌంట్స్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఒక మాంద్యం ఫైళ్లన్నీ నా బల్ల మీదుగానే వెళ్లాయి కాబట్టి చూసిందే చెబుతాను.

మొదట వచ్చే సర్క్యులర్ ఎప్పుడూ ఒకటే: 'అన్ని విభాగాలూ పది శాతం తగ్గించాలి.' వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ జీతాలు, పింఛన్లు, అప్పుల వాయిదాలు ముట్టుకోలేరు. దాంతో కోతంతా మరమ్మతుల పద్దు మీద పడుతుంది. మా దగ్గరా అంతే. ఒక పంప్‌హౌస్‌లో మోటారు బేరింగులు శబ్దం చేస్తున్నాయి, మార్చాలి అని ఇంజనీరు గారు ఫైలు పెట్టారు. 'వచ్చే ఏడాది చూద్దాం' అని రాసి వెనక్కి పంపింది నేనే. రెండు నెలలు తిరక్కుండానే బేరింగు పట్టేసి మోటారు వైండింగ్ కాలిపోయింది. కొత్త వైండింగ్, అన్ని రోజులూ ట్యాంకర్లు, సిబ్బందికి ఓవర్‌టైం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం. ఆ ట్యాంకర్ల బిల్లు పాస్ చేసిందీ నేనే లెండి.

పెద్ద నగరాలూ ఇలాగే దెబ్బతిన్నాయి. 2010లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ కరెంటు ఖర్చు మిగులుతుందని వేల వీధి దీపాలు ఆర్పేసింది. తీగల్లో కరెంటు లేదని తెలిశాక దొంగలకు అడ్డేముంది? రాగి తీగలు కోసుకుపోయారు. అక్కడే మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం కథ ఇంకా ఘోరం. డబ్బు ఆదా అవుతుందని 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నుంచి వచ్చే నీళ్లు మానేసి నది నీళ్లకు మారారు. పైపుల్ని తుప్పు నుంచి కాపాడే రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం ఇళ్ల కుళాయిల్లోకి దిగింది. చివరికి 2020లో బాధితులకు 60 కోట్ల డాలర్లు ఇవ్వడానికి మిషిగన్ రాష్ట్రం ఒప్పుకోవాల్సి వచ్చింది.

మరి మాకు నిజంగా డబ్బు మిగిలింది ఎక్కడంటే, కరెంటు బిల్లుల్లో. మా సెక్షన్ కుర్రాడొకడు, ఒక ఎలక్ట్రీషియన్ కలిసి మీటర్ల లిస్టు పట్టుకుని ఊరంతా తిరిగారు. ఒకచోట మీటరున్న గోడ ఒక్కటే నిలబడి ఉంది, దాని వెనక భవనమే లేదు! కూల్చేసి ఏళ్లయింది. మేం మాత్రం నెలనెలా బిల్లు కడుతూనే ఉన్నాం. కొన్ని పంపులకు వాడేదానికంటే ఎక్కువ లోడు (ఇంత కరెంటు కావాలని) కరెంటు ఆఫీసులో రాయించి ఉంది, దానికీ ఛార్జీలే. ఇవన్నీ సరిచేస్తే ఏ వీధిలోనూ ఎవరికీ తేడా తెలియలేదు. మీరు కూడా అక్కడే మొదలుపెట్టండి.

ఖాళీ పోస్టులు నింపం అనే నిర్ణయంతో కూడా జాగ్రత్త. ఎవరు రిటైరవుతారో మన చేతిలో ఉండదు. పంపు ఆపరేటర్లు ముగ్గురు ఒకేసారి వెళ్లిపోతే మిగిలినవాళ్ల ఓవర్‌టైం ఆ జీతాల్ని తినేస్తుంది.

ఇంకోటి, ఆస్తిపన్ను పాత విలువల మీద నడుస్తుంది కాబట్టి దెబ్బ ఆలస్యంగా తగులుతుంది. మాంద్యం పోయిందని పేపర్లలో వచ్చిన తర్వాతే మా ఖజానా అసలు ఖాళీ అయింది. మొదటి ఏడాదే నిల్వ డబ్బంతా వాడేసుకోకండి.

అయినా చాలకపోతే ఏదో ఒక సేవ తగ్గించక తప్పదు. అలాంటప్పుడు ముందే చెప్పేయడం మేలు. మేం పార్కుల్లో గడ్డి కోత వారానికి బదులు మూడు వారాలకోసారి చేసి, తేదీలు గేటుకు బోర్డు కట్టాం. ఫిర్యాదులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెత్త బండి టైము మాత్రం చెప్పకుండా మార్చాం. ఆ వారమంతా ఫోన్ ఎత్తాలంటేనే టెన్షన్.